తాగని కాఫీ, వంకర కొండ

ఆ ఉదయం షాహెర్ గడ్డం గీసుకుంటూ, ఫొటోలు బాగాలేవని అద్దంలోని తన మొహానికే చెప్పి చూశాడు. ఎంత మెత్తగా చెప్పినా ఆ మొహం చిన్నబుచ్చుకుంటూనే ఉంది. సల్త్ ఊరి ఫొటో సంఘానికి అతను కార్యదర్శి. శుక్రవారం ప్రదర్శన. దానికి ఉచితంగా హాలు ఇచ్చినవాడు అబూ నవాఫ్. ఇచ్చి ఊరుకోకుండా ఆయనా ఒక కెమెరా కొని, వాదీ షుఐబ్ లోయలో కొండల్ని ఫొటోలు తీసి, వాటిని నట్టనడి గోడకు తగిలించాలన్నాడు. ఆ ఫొటోల్లో కొండలన్నీ ఎడమపక్కకు జారిపోతున్నాయి. ఉన్నమాట చెబితే హాలు పోతుంది, చెప్పకపోతే సంఘం పరువు పోతుంది. ఆ చెప్పే పని షాహెర్ నెత్తిన పడింది.

"ముందు మెచ్చుకోండి, తర్వాత లోపం చెప్పండి, మళ్ళీ మెచ్చుకోండి" అని సంఘంలో కొత్తవాళ్లకు పాఠం చెప్పేది అతనే. ఇవాళ్టికి ఇంకో నియమం కలుపుకున్నాడు. ఫొటో అన్న మాటే ఎత్తకుండా మెల్లగా దారిలోకి తేవాలని. కొంప ముంచింది ఆ నియమమే.

ఇంటికి వెళ్లగానే అబూ నవాఫ్ ఎదురొచ్చి, కూర్చోబెట్టి, యాలకుల కాఫీ తనే వంచి చేతికిచ్చాడు. షాహెర్‌కు గొంతు ఎండిపోయింది. గుటక దిగేలా లేదని కప్పును అలాగే బల్ల మీద పెట్టేశాడు.

అబూ నవాఫ్ మొహం మారిపోయింది. ఆ ఊళ్లో ఎవరైనా ఇచ్చిన కాఫీ తాగకుండా కింద పెట్టారంటే ఏదో అడగడానికి వచ్చారనీ, ఇస్తామనేదాకా తాగరనీ అర్థం. పెళ్లీడు పిల్ల ఉన్న ఇంట్లో పెళ్లికానివాడు అడిగేది ఒకటే. పుట్టి పెరిగిన ఊరే అయినా, భయంలో షాహెర్‌కు అదేమీ తోచలేదు.

"కాఫీ తాగు నాయనా."

"ముందు వచ్చిన పని చెప్పనివ్వండి బాబాయ్. తర్వాత తాగుతాను."

అబూ నవాఫ్ లేచి వెళ్లి, పక్కింట్లో ఉండే అన్న హాజీ మితెబ్‌ను వెంటబెట్టుకొచ్చాడు. ఆయన చేతికర్రతో సహా వచ్చి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. విషయం ముందే తెలిసిపోయిందనీ, కర్ర అందుకేననీ షాహెర్ అనుకున్నాడు.

"ఒక్కడివే వచ్చావేం? పెద్దలెవరూ లేరా?" అన్నాడు హాజీ.

"ఎవరూ రామన్నారండీ. భయపడ్డారు."

"భయం ఉండటం మంచిదే."

లోపలి గది గుమ్మానికి తెర ఉంది. తెర పైన గోడకు అబూ నవాఫ్ తీసిన కొండల్లో అన్నిటికన్నా పెద్ద ఫొటో వేలాడుతోంది. షాహెర్ దాన్నే చూస్తూ మొదలుపెట్టాడు. "నా చూపంతా అటే ఉందని మీకు అర్థమయ్యే ఉంటుంది బాబాయ్."

అబూ నవాఫ్‌కు కనిపించింది తెర, తెర వెనక కదలిక. "అర్థమైంది. ఆ చూపు కాస్త దించుకుని మాట్లాడు."

షాహెర్ దించాడు. "ఎంతో ముద్దుగా తీర్చిదిద్దుకున్నారు. అందానికి వంక పెట్టలేం." మెచ్చుకోవడం అయింది. ఊపిరి పీల్చుకున్నాడు. "కాకపోతే, చిన్న వంకర ఉంది."

హాజీ కర్ర ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మారింది.

"ఎవరన్నారు?" అన్నాడు అబూ నవాఫ్.

"మా సంఘంలో అందరూ. మొన్న మీరు హాలుకు తీసుకొచ్చారుగా, అప్పుడే చూశారు."

మొన్న హాలుకు కూతుర్ని కూడా తీసుకెళ్లిన మాట నిజమే. అబూ నవాఫ్ మీసం వణికింది.

"కోప్పడకండి బాబాయ్. సరిచేయొచ్చు. ఆ పని నేను చూసుకుంటాను."

అబూ నవాఫ్ తెర వైపు ఓసారి చూశాడు. గొంతు తగ్గించాడు. "ఉన్నమాటే అన్నావు. కాస్త వంకరే. ఆ వంకర వాళ్లమ్మ నుంచి వచ్చింది. ఇన్నేళ్లుగా తల్లినే సరిచేయలేకపోయాను, దీన్నేం చేస్తాను?"

ఫొటోకు తల్లి ఎవరో షాహెర్‌కు అర్థం కాలేదు. కెమెరా అయ్యుంటుందని సరిపెట్టుకున్నాడు.

"లోపం తెలిసీ అడుగుతున్నాడు. నిజాయితీపరుడు," అన్నాడు హాజీ.

"అడిగింది ఇచ్చాం. కాఫీ తాగు," అన్నాడు అబూ నవాఫ్.

షాహెర్ ఒక్క గుక్కలో తాగేశాడు. హాలు దక్కింది, పరువూ దక్కింది. "అయితే ఇవాళే పట్టుకెళ్తాను బాబాయ్, కారు తెచ్చాను. ఎడమపక్క కాస్త ఎత్తి, అంచులు కత్తిరిస్తే నిటారుగా నిలబడుతుంది."

హాజీ కర్ర ఎత్తి లేచాడు. "దేన్ని కత్తిరిస్తావురా?"

"కొండని. ఫొటోలో కొండని, ఆ గోడ మీదది."

కర్ర గాల్లోనే ఆగిపోయింది. అబూ నవాఫ్ ఫొటో వైపు, తెర వైపు, ఖాళీ కప్పు వైపు చూశాడు. "మరి కాఫీ ఎందుకు కింద పెట్టావు?"

"గొంతు దిగక బాబాయ్."

"అంటే నా కూతురు..."

షాహెర్‌కు అప్పుడు వెలిగింది. ఇచ్చిన పిల్లను వద్దన్నవాడు ఆ గుమ్మం నిలువుగా దాటడు. కర్ర మళ్లీ కదిలింది. అంతలో తెర పక్కకు జరిగి అబూ నవాఫ్ భార్య ఉమ్ నవాఫ్ బయటికొచ్చింది. వెనకే కూతురు రుదైనా.

"ఏదో వంకర నా నుంచి వచ్చిందంటున్నారు," అంది ఉమ్ నవాఫ్ నెమ్మదిగా. "ఏమిటది?"

అబూ నవాఫ్ మొహంలో నెత్తురు లేదు. "ఫొటో! మేం మాట్లాడుకుంది ఫొటో గురించే. నేను తీసినవన్నీ వంకరే, ఒక్కటీ గోడకు పనికిరాదు. ఎక్కడా తగిలించొద్దు. హాలు ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు వాడుకోండి. చెప్పు నాయనా, మీ పిన్నికి చెప్పు."

"ఒక్కటీ పనికిరాదు పిన్నీ," అన్నాడు షాహెర్. పోయిన ప్రాణం తిరిగొచ్చింది. సంఘంలో ఇన్నేళ్లుగా ఏ విమర్శనూ ఎవరూ ఇంత తొందరగా ఒప్పుకోలేదు.

"ఫొటోకి తల్లెవరు నాన్నా?" అంది రుదైనా.

హాజీ కర్ర తీసుకుని నిశ్శబ్దంగా ఇంటికి వెళ్లిపోయాడు. అబూ నవాఫ్ తన కప్పు నిండా కాఫీ వంచుకున్నాడు. తాగకుండా భార్య ఎదుట బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఆమె తాగమనలేదు.