ఆరు యంత్రాలు, పదిహేను చుక్కలు

ఆ రోజు పొద్దున్న జిమ్ము తెరవడానికి అరగంట ముందే కోచ్ ఒక పసుపు టేపు చుట్టా, ఒక కొలత పట్టీ పట్టుకుని హాలు మూలలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పని చిన్నదే. కొనబోయే యంత్రం నేల మీద ఎంత చోటు పడుతుందో టేపు అంటించి చూసుకోవడం.

రెండు నెలలుగా అతను కేటలాగులు నమిలి మింగుతున్నాడు. చివరికి రెండు యంత్రాలు మిగిలాయి. రెండింటిలోనూ ఛాతీకీ వీపుకీ కాళ్ళకీ భుజాలకీ కావలసినవన్నీ ఒక్క చట్రంలోనే ఉన్నాయి. ఒకదానికి తీగలు రెండు వైపులా లాగవచ్చు. ఇంకోదాని బెంచీ మడిస్తే గోడకు ఆనుకుంటుంది. బాగా ఆలోచించి మడిచేదాన్నే ఎంచుకున్నాడు. ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. అది వస్తే హాల్లో సగం ఆక్రమించిన ఆరు పాత యంత్రాలను సాగనంపవచ్చు. అవి పోగా మిగిలే చోటు ఎవరికోసమో అతనికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

అసలు ఆ హాలు అద్దెకు తీసుకున్నది అతని భార్య. పదేళ్ళ కిందట అక్కడ ఆవిడ డాన్సు క్లాసులు నడిపేది. అతను ఒక బెంచీ, రెండు డంబెల్స్ మోసుకొచ్చి, "ఆ మూల కాస్త చోటిస్తారా? పొద్దున్నపూట మాత్రమే" అని అడిగాడు. ఆవిడ చోటిచ్చింది. మరుసటి ఏడు అతన్ని పెళ్ళి కూడా చేసుకుంది. ఆ తర్వాత ఏకు మేకైంది. ఒక్కో యంత్రం లోపలికి వచ్చినకొద్దీ ఒక్కో వరుస పిల్లలు బయటికి పోయారు. పదిహేను మంది తొమ్మిదయ్యారు, తొమ్మిది మంది నలుగురయ్యారు. ఆ నలుగురు కూడా మానేసి ఆరేళ్ళయింది.

ఇప్పుడావిడ గుమ్మం పక్కన బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళకు తువ్వాళ్ళు అందిస్తుంది. రోజూ పొద్దున్నే వాటిని మడతపెడుతూ, "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని లెక్కపెడుతుంది. గొంతు అదే. ఒకప్పుడు ఆ నాలుగు అంకెలకు పదిహేను జతల కాళ్ళు ఒక్కసారిగా లేచేవి, మూల బెంచీ మీద అతను బరువెత్తడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయేవాడు. ఇప్పుడు ఆ లెక్క వినబడితే అతను ముఖం గోడవైపు తిప్పుకుంటాడు. ఆవిడ ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. అదే అతన్ని మరీ బాధపెట్టేది. "మళ్ళీ మొదలుపెట్టరాదూ?" అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ "ఎందుకులెండి" అంది. అందుకే ఈసారి అడగదలచుకోలేదు. ముందు చోటు ఖాళీ చేసి, కళ్ళకు చూపించి, ఆ తర్వాత నోరు విప్పాలనుకున్నాడు.

టేపు నాలుగో అంచు అంటిస్తుండగా పోస్టుమాస్టారు వచ్చారు. ఆయన రిటైరై మూడేళ్ళయింది. ఉద్యోగంలో ఉన్నంతకాలం అందరి కబుర్లూ మూసిన కవర్లలోనే చేరవేశారు కనుక, ఇప్పుడా లోటంతా తీర్చుకుంటున్నారు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

"ఏమయ్యా కోచ్, ఏమిటీ గీతలు?"

బల్ల దగ్గర తువ్వాళ్ళ లెక్క ఆగింది. భార్య ఇటే చూస్తోంది.

"ఏం లేదండీ. నేల కాస్త ఎవరికైనా చూపిద్దామని" అన్నాడు కోచ్, నోటికి వచ్చినట్టు.

"నేలకేమైంది?"

"ఏమీ కాలేదు. ముందుజాగ్రత్త, అంతే."

ఏమీ కాలేదంటే ఏదో అయిందనే పోస్టుమాస్టారి అనుభవం. ఆయన టేపుకు రెండడుగుల దూరం నుంచి గోడవారగా నడుచుకుంటూ రోజూ తొక్కే జిమ్ము సైకిలు దగ్గరికి వెళ్ళారు. అరగంటలో హాల్లో ఉన్న పన్నెండు మందీ అలాగే నడుస్తున్నారు. "బరువులు మెల్లగా దించండి" అని కోచ్ గోడకు బోర్డు పెట్టి ఎన్నేళ్ళయినా పట్టించుకోని మనుషులు, ఆ రోజు డంబెల్‌ను నిద్రపోతున్న పసిపాపను పడుకోబెట్టినట్టు కింద పెట్టారు. కోచ్‌కు లోలోపల ముచ్చటేసింది కూడా. అక్కడితో ఆగితే బాగుండేది.

మెట్లు దిగి వెళ్తూ పోస్టుమాస్టారు కింది అంతస్తులో టైలరు కొట్టు ముందు ఆగారు. పది నిమిషాల్లో టైలరు మెడలో కొలత టేపుతోనే పైకి వచ్చాడు.

"ఏమండీ కోచ్ గారూ, జిమ్ము నా నెత్తిన పడబోతోందని నాకు పోస్టుమాస్టారు చెప్పాలా? మీరు చెప్పరా?"

"ఎవరు చెప్పారండీ పడుతుందని?"

"పడదని రాసివ్వండి మరి."

కోచ్ భార్య వంక చూశాడు. ఆవిడ తువ్వాలు పట్టుకుని జవాబు కోసం వింటోంది. పడదని రాసిస్తే టేపు ఎందుకో చెప్పాలి. చెబితే "ఎందుకులెండి" అంటుంది. "చూపిస్తున్నాం కదండీ" అని గొణిగాడు. టైలరు కిందికి వెళ్ళి బట్టలు కత్తిరించే బల్లను ముందుగదిలోంచి వెనకగదికి జరిపాడు. ఆ రోజు కొలతలకు వచ్చినవాళ్ళు, తమ నడుం చూడకుండా కప్పు వంక చూస్తూ కొలుస్తున్న టైలర్ని చూసి, చొక్కాలు ఎలా వస్తాయోనని దిగులుపడ్డారు.

మధ్యాహ్నానికి కబురు బిల్డింగు ఓనరమ్మకు చేరింది. సాయంత్రానికి ఆవిడ ఇంజినీరును వెంటబెట్టుకుని వచ్చింది. చిలికి చిలికి గాలివాన అయింది. ఇంజినీరు మాట తక్కువ మనిషి. నేలను మడమతో రెండుసార్లు తట్టి, "ఇక్కడ ఇంకేమైనా పెడదామనుకుంటున్నారా?" అని అడిగాడు.

కోచ్ తేలు కుట్టిన దొంగలా కేటలాగు తీసి, భార్యకు కనబడకుండా, మడిచే యంత్రం బొమ్మ చూపించాడు. ఇంజినీరు దాని బరువు రాసుకున్నాడు.

"నేను లెక్క చూసి చెప్పేదాకా ఈ సగం ఖాళీ చేయండి. కింద ఈ రబ్బరు పట్టా కూడా ఎత్తేయండి."

మరునాడు ఆరు యంత్రాలూ విప్పి వరండాలోకి చేరవేశారు. పట్టా చుడితే, పసుపు టేపు కూడా దానితోపాటే చుట్టుకుపోయింది. దాని కింద నేల మీద తెల్లరంగు చుక్కలు బయటపడ్డాయి. వరుసకు అయిదు చొప్పున మూడు వరుసలు. పిల్లలు ఎవరి చోట వాళ్ళు నిలబడటానికి భార్య తన చేత్తో వేసిన చుక్కలు. వాటి సంగతి కోచ్ పూర్తిగా మరిచిపోయాడు. ఆవిడ మరిచిపోలేదని ఆవిడ ముఖం చూస్తేనే తెలిసింది.

తను కోరుకున్న చోటు కోరుకున్నట్టే ఖాళీగా కళ్ళ ముందుంది. మూడో రోజు పొద్దున్న, ఇంకా ఎవరూ రాకముందు, అతను చుక్కల మధ్య నిలబడి భార్యను పిలిచాడు.

"ఒకసారి ఇలా రా."

"నేను రాను. కింద టైలరు గారు పనిలో ఉన్నారు."

"నేలకేమీ కాలేదు."

"మీరే కదా అన్నారు చూపించాలని."

"అబద్ధం చెప్పాను."

ఆవిడ తువ్వాలు బల్ల మీద పెట్టింది. అతను ఇక ఆగలేకపోయాడు.

"ఆరు తీసేసి ఒక్కటి తెచ్చి, మిగిలిన చోటు నీకిద్దామనుకున్నాను. అడిగితే మళ్ళీ ఎందుకులెండి అంటావని చెప్పలేదు. నీ లెక్క వినాలనుంది నాకు. తువ్వాళ్ళ లెక్క కాదు."

ఆవిడ లేచి చుక్కల అంచు దాకా వచ్చింది.

"ఎందుకులెండి అంటే వద్దని కాదండీ" అంది. "ఇంకోసారి అడగమని."

"మూడుసార్లు అడిగాను కదా."

"ఆరేళ్ళలో మూడుసార్లు. యంత్రాల కంపెనీకి రోజూ ఫోన్ చేసేవారు."

అని చెప్పులు విడిచి, మొదటి వరుసలో మధ్య చుక్క మీద కాలు పెట్టింది. సరిగ్గా అప్పుడే మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఇంజినీరు, ఓనరమ్మ, టైలరు, వెనకాల పోస్టుమాస్టారు. ఆవిడ కాలు వెనక్కి తీసుకుంది. అడుసు తొక్కనేల కాలు కడుగనేల అనుకుని, అందరి ముందూ నిజం ఒప్పేసుకుందామని కోచ్ గొంతు సవరించుకున్నాడు.

"అసలు సంగతేమిటంటేనండీ..."

"మంచిపని చేశారు" అన్నాడు ఇంజినీరు. "ముందే అనుమానం వచ్చి ఆపారు. మీరు తెద్దామనుకున్న యంత్రం ఆరింటి బరువూ నాలుగు కాళ్ళ మీద ఒకేచోట మోపుతుంది. ఈ సగం కింద ఉన్న దూలం దానికి చాలదు. పాతవాటిలో మూడు అవతలి సగంలో సర్దుకోండి. ఇటువైపు మాత్రం ఇక ఏ యంత్రమూ పెట్టకండి."

"మరి మనుషులో?" అంది కోచ్ భార్య.

"మనుషులకేమండీ. ఈ హాలు కట్టిందే మనుషుల కోసం."

రెండు నెలలు కూర్చుని ఎంచుకున్న యంత్రానికి ఆ హాల్లో నిలువ నీడ లేదని తేలింది. తను ఆడిన అబద్ధం నిజమై వచ్చి ఎదురుగా నిలబడితే, కోచ్ మింగలేక కక్కలేక ఊరుకున్నాడు. భార్య మాత్రం కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

టైలరుకు ఇంకా గుబులు తీరలేదు. "ఆ యంత్రమేదో నా ముందుగదిలో పెట్టేయండి. ఎలాగూ ఖాళీ చేశాను. నా కింద ఉన్నది మట్టే. అది నా నెత్తి మీద ఉండటం కంటే నా పక్కన ఉండటమే నయం."

అలాగే కొని అక్కడే పెట్టారు. ఇప్పుడు చొక్కా కొలతలకు వచ్చినవాళ్ళు ముందు దాని తీగలు నాలుగుసార్లు లాగి, ఛాతీ పెరిగిందేమో మళ్ళీ కొలవమంటున్నారట.

పైన సాయంత్రాలు క్లాసు మొదలైంది. పాత పిల్లలు పెద్దవాళ్ళయిపోయారు కనుక కొత్త పిల్లలు వచ్చారు, వాళ్ళతోపాటు సైకిళ్ళు తొక్కి విసిగిన జిమ్ము మనుషులూ చేరారు. మొదటి రోజు "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని ఆ గొంతు లేవగానే కోచ్ కళ్ళు చెమర్చాయి. వెంటనే, "వెనక వరుసలో ఎడమ చివర, కాలు ముందుకు వేయాలి" అని అదే గొంతు అతన్ని మందలించింది.

పోస్టుమాస్టారికి దక్కిన చుక్క ఒకప్పటి పసుపు గీతల లోపల పడింది. టేపు పోయి నెల దాటినా అందులో అడుగు పెట్టేది లేదని, ఆయన వచ్చి కోచ్ చుక్క మీదే సర్దుకుని నిలబడ్డారు. ఒకనాడు మూల కాస్త చోటడిగి హాలంతా ఆక్రమించిన మనిషికి ఇప్పుడక్కడ మిగిలింది ఒకే ఒక్క చుక్క, అందులోనూ సగం పోస్టుమాస్టారిది.