ఫ్లోరెన్స్ వీధుల్లో వట్టికాళ్లు

ముందుగా సూటిగా అడుగుతాను. అన్యాయం ఎవరికి జరిగింది? నా పాదాలకు. ఎలా జరిగింది? ఇటలీ దేశపు ఫ్లోరెన్స్ నగరంలో, 'వాకింగ్ టూర్' అనే పేరిట, పట్టపగలు, నలుగురూ చూస్తుండగా!

అయినా నేను ఫిర్యాదు చేయడం లేదు. మనిషిని పరుగులు పెట్టించే ప్యాకేజీ టూర్ మానవాళికి మహోపకారమని నిరూపించడానికే కలం పట్టాను.

ఆలోచించండి. మా హోసూరులో నడవాలంటే ఫుట్‌పాత్ మీద నిలిపిన బైకుల అనుమతి తీసుకోవాలి. అక్కడ ఆ బెడద లేదు. మా టూర్ మేనేజర్ అనంతకుమార్ ఎర్ర గొడుగు ఎత్తి ముందు పరుగెత్తుతాడు. మనం వెనక పరుగెత్తాలి. ఆ నగరంలో గొప్ప శిల్పాలున్నాయట. ఉండనీయండి! మేము ఆ గొడుగునే ఎంత శ్రద్ధగా చూశామంటే, దాని కమ్మీలలో ఏది వంగిందో ఇప్పటికీ చెప్పగలను. మెడ ఎత్తి గోపురాలు చూసే శ్రమ తప్పింది. ఇది ఉపకారం కాదా?

ఆ ఊరిలో నాకున్నది ఒక్కటే పని. కృష్ణగిరి కాన్వెంట్‌లో నాకు చదువు చెప్పిన సిస్టర్ లూసియా అక్కడే పుట్టారు. ఆమె ఇంటి వీధిలోని చిన్న చర్చిలో ఆమె పేరిట ఒక కొవ్వొత్తి వెలిగించాలి. అనంతకుమార్ దయతలచి పది నిమిషాలు మంజూరు చేశాడు.

నేనూ, మా వదిన మంజులమ్మా గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్లాము. మా వైపు దేవుడి ఇల్లు ఏదైనా అంతే కదా! తిరిగి వచ్చేసరికి చెప్పులు లేవు. వీధులు ఊడ్చే బండి వాటిని మింగిందని ఎదుటి కాఫీ దుకాణం వాడు అభినయించి మరీ చూపించాడు.

"దొంగ ఎత్తుకొని పోయింటే మన చెప్పులకి ఒక మర్యాద ఉండేది వదినా. చెత్త అని ఊడ్చుకొని పోయినారే!" అన్నది మంజులమ్మ.

వెతకడానికి వ్యవధి లేదట. తరువాతి మజిలీ తోలు వస్తువుల షోరూమ్. దానికి గంటన్నర కేటాయించారు!

"ఈడ మంచి చెప్పులు దొరుకుతాయమ్మా, తీసుకోండి" అన్నాడు అనంతకుమార్. మంజులమ్మ తీసుకుంది. నేను తీసుకోలేదు.

మొండితనం కాదు. మా ఇంటి మీద ఒక పాత రుణం ఉంది. చిన్నప్పుడు నన్ను బడి మాన్పించినప్పుడు, మా నాన్నతో వాదించడానికి సిస్టర్ లూసియా మా పల్లె అత్తిముగం వచ్చారు. మనవాళ్లలాగే బూట్లు గుమ్మం బయట విడిచారు. వాదన ఆమె గెలిచారు. బూట్లు మా కుక్క గెలిచింది. మా అమ్మ తన చెప్పులు ఇవ్వబోయింది.

"నువ్వు చేనికి పోవల్ల కదమ్మా, నీకే ఉండనీ" అని మా మాటలోనే చెప్పి, ఆమె మండుటెండలో బస్సు రోడ్డు దాకా వట్టికాళ్లతో నడిచిపోయారు. మరుసటి వారం నేను బడికి వెళ్లాను.

అందుకే ఆమె పుట్టిన ఊరి రాళ్ల మీద, ఎర్ర గొడుగు వెనక, సాయంత్రం దాకా వట్టికాళ్లతోనే నడిచాను. రాళ్లు మా చేని బండలకు ఏమీ తీసిపోకుండా కాలాయి.

చెప్పులకు గంటన్నర, సిస్టర్‌కు పది నిమిషాలు! ఇది ఏ ధర్మాసనం ముందు నిలుస్తుంది? అనంతకుమార్ ఇంకా సమాధానం చెప్పవలసే ఉంది. మా ఇంటి రుణం మాత్రం, నేను బస్సు మెట్టు ఎక్కేసరికి, పూర్తిగా తీరిపోయింది.

కుక్క తరఫున కూడా.