బొంతను ముట్టరాదు

బొంత ఉన్నది కప్పుకోవడానికని ఇంకా ఎవరైనా అనుకుంటున్నారా? అయితే మీ కాలం చెల్లిపోయింది. బొంత ఉన్నది గోడకు వేలాడదీయడానికి. దాని ముందు తాడు కట్టడానికి. ఆ తాడుకు 'ముట్టరాదు' అని బోర్డు తగిలించడానికి. మనిషికి చేతులిచ్చి దేవుడు పొరపాటు చేశాడనీ, దాన్ని దిద్దడానికే తెల్ల గ్లోవ్స్ పుట్టాయనీ నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

ఈ మాట అనే అర్హత నాకుంది. నెబ్రాస్కాలో మా విల్లో ఫోర్క్ ఊరి బొంతల ప్రదర్శనలో పంతొమ్మిదేళ్లుగా తెల్ల గ్లోవ్స్ దళానికి నాయకురాలిని. పేరు నాదీన్ ఆస్టర్‌క్యాంప్. వెనకవైపు కుట్టు చూడాలని ఎవరికైనా అనిపిస్తే నన్ను పిలవాలి. నేను రెండు వేళ్లతో అంచు పట్టి, మూడు లెక్కపెట్టేంతసేపు తిప్పి చూపించి వదిలేస్తాను. ఒక బిషప్ చెయ్యి ఆపాను. ఇద్దరు షెరీఫ్‌ల చేతులు ఆపాను. ఒకసారి ఒకావిడ తన భుజం మీది శాలువాను తడుముకుంటుంటే అదీ ప్రదర్శనలోదే అనుకుని ఆపాను. ఆవిడ నాకు క్షమాపణ చెప్పింది. క్రమశిక్షణంటే అదీ!

ఈ నియమం రాకముందు ఎలా ఉండేదో తెలుసా? ఆడవాళ్లు బొంత చుట్టూ మూగి, ముక్క ముక్కనూ రుద్ది చూసేవారు. "ఇది మీ లోయిస్ పెళ్లి గౌను కదూ?" అనేవారు. నవ్వేవారు. ఒక్కోసారి కళ్లు తుడుచుకునేవారు, అదీ బొంతతోనే. ఇప్పుడో? అందరూ చేతులు వెనక్కి కట్టుకుని, ఖైదీల్లా వరుసగా నడుస్తూ, పక్కనున్న కార్డు చదివి వెళ్లిపోతున్నారు. ఎంత ప్రశాంతత!

ఇంత చక్కటి ఏర్పాటుకు పోయిన ఏప్రిల్‌లో గండి కొట్టిన మనిషి ఆర్లిస్ కుచెరా. నాతోపాటు బళ్లో చదువుకుంది. ఊరికి ఆరు మైళ్ల దూరంలో, పొలంలో ఉంటుంది. పదకొండేళ్ల కిందట చూపు పూర్తిగా పోయింది. చూపు పోయాక మనిషి సూది పక్కన పెట్టాలా వద్దా? ఆమె పెట్టలేదు. తమ్ముడి భార్య డెలోరిస్ చేత సూదుల్లో దారం ఎక్కించుకుని, రెండేళ్లు కూర్చుని ఒక బొంత కుట్టింది. తన ఇంటి నుంచి ఊళ్లోకి వచ్చే దారిని కుట్టింది. కంకర రోడ్డుకు గోనెగుడ్డ ముడులు. కోసేసిన మొక్కజొన్న చేనుకు గీతల కార్డ్‌రాయ్. వాగుకు పాత గౌను లోపలి శాటిన్. దారి పక్క ఇళ్లకు మెత్తటి ఫ్లానెల్. రైలు పట్టాలకు జిప్పు. ఎక్కడ ఏముందో ఆమె వేళ్లకు తెలుసు.

డెలోరిస్ దాన్ని ఫొటో తీసి 'ఆర్ట్ బొంతలు' విభాగానికి పంపింది. షికాగో నుంచి వచ్చిన జడ్జి ప్రిసిలా వేన్ దానికే మొదటి బహుమతి ఇచ్చి, కార్డు మీద ఇలా రాసింది: "ఈ బొంత పుట్టింది చూపు కోసం కాదు, స్పర్శ కోసం. వేళ్లు దీనిమీద నడవాలని తహతహలాడతాయి." ఆ కార్డు కిందే నేను 'ముట్టరాదు' బోర్డు పెట్టాను. రెండింటికీ ఒకే పిన్ను సరిపోయింది. ఎవరికీ ఏ ఇబ్బందీ కనబడలేదు.

శనివారం పొద్దున డెలోరిస్ చెయ్యి పట్టుకుని ఆర్లిస్ వచ్చింది. తాడు దాటి చెయ్యి చాచింది.

"ఆర్లిస్, ముట్టుకోకూడదే" అన్నాను.

"ముట్టుకోవట్లేదే నాదీన్. చూసుకుంటున్నా."

"నియమం అందరికీ ఒకటే."

"కుట్టినదానికి కూడానా?"

"కుట్టినవాళ్లకే ఎక్కువ. వాళ్లకు చనువు ఎక్కువ గదా."

నేను కఠినురాలిని కాను. నా దగ్గరున్న కొత్త గ్లోవ్స్ జత తీసి ఆమెకు తొడిగాను. ఆర్లిస్ రెండు చేతులూ బొంత మీద పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా జరిపింది. మళ్లీ వెనక్కి జరిపింది.

"దారి పొడవునా మంచు కురిసిందే" అంది. "ఏ ఊరో కూడా తెలియట్లేదు."

చేతుల్లోని నూనె గుడ్డను పాడుచేస్తుందని వివరించాను.

"రెండేళ్లు ఆ నూనెతోనే గదే కుట్టింది" అంది.

అంతలో జడ్జి వచ్చి శుభవార్త చెప్పింది. నగరంలోని ఒక మ్యూజియం ఈ బొంతను తీసుకుంటుందట. అద్దాల పెట్టెలో, మసక వెలుతురులో శాశ్వతంగా ఉంచుతుందట. నాకు ఒళ్లు పులకరించింది. మా తాడూ బోర్డూ ఏపాటివి, అద్దం ముందు?

"ఆ పెట్టె నాకోసం తెరుస్తారా అమ్మా?" అని అడిగింది ఆర్లిస్.

"సంవత్సరానికి ఒకసారి వీలవుతుందేమో. ముందుగా ఉత్తరం రాస్తే పరిశీలిస్తారు."

"గ్లోవ్స్‌తోనా?"

"తప్పకుండా."

ఆర్లిస్ గ్లోవ్స్ ఊడదీసి నా చేతిలో పెట్టింది. "డెలోరిస్, దాన్ని దింపవే" అంది.

"వదినా, ఇంకొక్కసారి ఆలోచించుకో" అంది డెలోరిస్. అంటూనే స్టూలు తెచ్చుకుంది.

ప్రదర్శన ముగిసేది ఆదివారం నాలుగింటికనీ, అంతకుముందు బొంత దింపితే బహుమతి రద్దవుతుందని హెచ్చరించాను. ఆర్లిస్ తడుముకుంటూ బొంతకు తగిలించిన ఊదారంగు బహుమతి రిబ్బన్ పట్టుకుంది. "నున్నగా బాగుందే. నువ్వే ఉంచుకో" అని నాకిచ్చింది.

ఆ తరువాతి ఘోరం చెప్పాలంటే నాకు నోరు రావడం లేదు. ఆ బొంతను తీసుకెళ్లి చర్చివాళ్ల తినుబండారాల బల్ల మీద పరిచారు! పక్కనే ప్లమ్ జామ్ పెట్టిన కొలాచీ బన్నులు, వెన్న. జనం కళ్లు మూసుకుని, ఉత్త వేళ్లతో ఆ దారి తడమడానికి వరుసకట్టారు. ఎమిల్ స్వొబొదా అనే ఎనభై ఏళ్ల రైతు జిప్పు దాకా వచ్చి ఆగిపోయాడు. "ఇక్కడే మా నాన్న ట్రక్కు ఆగిపోయింది" అన్నాడు. "అవతల రైలొస్తోంది. ఇద్దరం దిగి తోశాం." చెయ్యి అక్కడి నుంచి తియ్యలేదు. వెనకున్నవాళ్లు తొందరపెట్టనూ లేదు. వరుసలో జడ్జి ప్రిసిలా వేన్ కూడా ఉంది, ఉంగరాలు తీసి జేబులో వేసుకుని. కమిటీకి రాసిన ఫిర్యాదులో ఈ సంగతి ప్రత్యేకంగా పేర్కొన్నాను.

నేను కేవలం నష్టం అంచనా వేయడానికి బల్ల దగ్గరకు వెళ్లాను. నా ఇల్లు కూడా ఆ దారిలోనే ఉంది కాబట్టి, మాటవరసకు ఎక్కడుందని అడిగాను.

"నాలుగో మైలు దాటాక, ఎడమచేతి వైపు" అంది ఆర్లిస్.

గ్లోవ్ తీసి అక్కడ వేలు పెట్టాను. చల్లగా, జారుడుగా తగిలింది. స్నానాల గది తెర ముక్క.

"ఇదేంటే, అందరి ఇళ్లకూ ఫ్లానెల్, నా ఇంటికి ప్లాస్టిక్కా?"

"ఏం చెయ్యనే నాదీన్. నీ ఇంటికి ఎన్నిసార్లు వచ్చినా నా చేతికి తగిలింది అదే. సోఫా మీద కవరు, కుర్చీల మీద కవరు. నాకు తెలిసిందే గదా నేను కుట్టగలను."

ఆమె మాటలో వెటకారం లేదు.

మా ఇంట్లో దేవదారు పెట్టెలో పదకొండు బొంతలున్నాయి, ఒక్కొక్కటీ ప్రత్యేకమైన కాగితంలో చుట్టి. వాటిలో నాలుగింటికి బహుమతులొచ్చాయి. మావారు మెర్ల్‌తో పెళ్లయి ముప్ఫై ఒక్క ఏళ్లు. ఆయన కప్పుకునేది బజారు దుప్పటి. ఆ మరుసటి వారం, ఎందుకో చెప్పలేను, నీలం నక్షత్రాల బొంత తీసి మా మంచం మీద పరిచాను.

భోజనం చేసి కాసేపు నడుం వాలుద్దామని వచ్చిన మెర్ల్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎవరైనా వస్తున్నారా?" అన్నాడు.

"ఎవరూ రావట్లేదు. నీకే."

ఆయన బొంత వైపు చూశాడు, నా వైపు చూశాడు. వెళ్లి చేతులు కడుక్కుని వచ్చాడు. తరువాత బొంతను రెండు వేళ్లతో అంచు పట్టి, మెల్లగా మడిచి కుర్చీలో పెట్టి, తన బజారు దుప్పటి లాక్కుని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మా దళంలో అంత శిక్షణ పొందినవాళ్లు మరొకరు లేరు.