రెండో తరగతి వారోత్సవాలు

బడి నుంచి నోటీసులు ఎక్కువైపోయాయని గొణిగే తల్లిదండ్రుల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది! చదువు చెప్పడం ఎవరికైనా వస్తుంది. చెప్పకపోవడాన్ని ఇంత అందంగా చెప్పడం ఎందరికి వస్తుందండీ?

మా పక్క వాటాలో ఉండే కాజాలక్క సంగతే వినండి. బట్టల దుకాణానికి చొక్కాల కాజాలు కుట్టి ఇస్తుంది కాబట్టి ఆ పేరు. ఒక్కతే కూతురు, రెండో తరగతి. పిల్ల సంచిలో రోజూ ఒక రంగు కాగితం వచ్చేది. అక్క దాన్ని రెండుసార్లు చదివి, కుట్టుమిషను పైన గోడకి గుచ్చి, పొంగిపోయేది.

ఎందుకు పొంగదు? 'జల చైతన్య దినోత్సవం, పిల్లలు గొడుగులతో రావలెను' అని ఉంటే ఏ తల్లి పొంగదు? తరగతి గది కప్పు కారుతోందని ఆవిడకేం తెలుసు! లైబ్రరీ తాళంచెవి పోతే 'పుస్తక పరిరక్షణ మాసం' అన్నారు. ఫ్యాన్లు ఆగిపోతే 'ప్రకృతి ఒడిలో పాఠాలు'. ఆఖరికి టీచరమ్మ ఉద్యోగం మానేసి వెళ్లిపోతే 'స్వయం అభ్యాస వారోత్సవాలు' మొదలుపెట్టారు. ఆ వారం ఏడు వారాలుగా సాగుతోంది. వైభవమంటే అదీ!

ఒక సాయంత్రం అక్క సూదిలో దారం ఎక్కిస్తూ, "ఈ కాగితం నువ్వు చదువమ్మా, విందాం" అంది.

పిల్ల అక్షరాల కింద వేలు జరుపుతూ గడగడా చదివింది: "మా బడి మంచి బడి."

"అక్కడ అలా లేదే!"

"మాకు అదొక్కటే వచ్చమ్మా. కాగితం ఏదైనా అదే చదవమంటుంది ఆయమ్మ."

"ఆయమ్మేంటి? టీచరేదీ?"

"టీచరు వెళ్లిపోయి చాన్నాళ్లయిందిగా!"

అక్క సూది పక్కన పెట్టి గోడకేసి చూసింది. ఇన్నాళ్లూ గోడకి గుచ్చింది కాగితాలు కాదు, తన కళ్లకి గంతలు!

మర్నాడు పొద్దున్నే చొక్కాలన్నీ ఎక్కడివక్కడ వదిలేసి హెడ్మాస్టరు గదిలోకి వెళ్లి నిలబడింది. ఆయన నవ్వుతూ, "మీరు నోటీసులు చదవడం లేదామ్మా?" అన్నాడు.

"నేను చదువుతున్నానండీ! చదవలేనిది నా కూతురు!" అని అక్క చెయ్యెత్తి అరిచింది. సరిగ్గా అప్పుడే బడి గుమాస్తా ఫోను క్లిక్‌మంది.

రెండో రోజు బడి కాగితంలో ఆ ఫొటో వచ్చింది. ఎత్తిన చెయ్యి, తెరిచిన నోరు. కింద 'పాఠశాల ప్రగతికి హర్షం వ్యక్తం చేస్తున్న మాతృమూర్తి'. దుకాణం యజమాని తన పిల్లాడి సంచిలో అది చూసి అక్కని అభినందించాడు కూడా! ఆ రోజు ఆవిడ ఎవరి మొహమూ చూడలేకపోయింది.

ఇంటికొచ్చి గోడ మీది నోటీసులన్నీ పీకింది. చించి పోగులు పెడుతుందేమో అనుకున్నాను. కత్తెర తీసుకుని అక్షరం అక్షరం విడగొట్టింది. 'వారోత్సవాలు'లోంచి 'వా' తీసింది, 'పరిరక్షణ'లోంచి 'ప' తీసింది. ఒళ్లో చొక్కా, ఎదురుగా కూతురు. రెండు నెలలు రోజూ అదే పని. మంచి కాగితం, పెద్దపెద్ద అక్షరాలు! నోటీసుల వల్ల లాభం లేదని ఇంకా అంటారా?

ఈలోగా బడికి తనిఖీ అధికారి వచ్చాడు. రెండో తరగతిలో పుస్తకం చదవగలిగింది ఒక్క పిల్లే. ఆ మర్నాడే ఇంకో రంగు కాగితం! పిల్ల గుమ్మంలోంచే తనంతట తాను చదువుకుంటూ వచ్చింది: "ఈ చిన్నారి విజయం మా బోధనకు నిదర్శనం."

ఎక్కడా తడబడలేదు. చదివాక మాత్రం తల్లి పక్కన కూర్చుని, "అమ్మా, బోధన అంటే ఏంటి?" అని అడిగింది.

కాజాలక్క పళ్ల మధ్య దారం ఉంది కాబట్టి హెడ్మాస్టరుగారి పరువు దక్కింది.