నాగరత్న నిప్పట్ల వెబ్‌సైటు

నూనె బాణలి ముందు కూర్చోకుండా తప్పించుకోవడానికి మునీంద్ర కనిపెట్టిన ఉపాయం పేరు వెబ్‌సైటు.

కోలారు బంగారు గనుల చాంపియన్ రీఫ్స్‌లో, ఒకప్పటి గని కార్మికుల లైనింట్లో, అతని భార్య నాగరత్న నిప్పట్లు, అంటే కరకరలాడే బియ్యప్పిండి చెక్కలు, చేసి అమ్ముతుంది. వారమంతా రైలెక్కి బెంగుళూరు ఉద్యోగానికి పోయొచ్చే మునీంద్రకి ఆదివారం ఒక్కటే సెలవు. ఆ రోజే బాణలి దగ్గర డ్యూటీ. మన సరుక్కి వెబ్‌సైటు లేకపోతే ఎట్లా, ఆ భారం నేను మోస్తానన్నాడు ఒకనాడు మహాత్యాగిలా. నాగరత్న సరేనని చిల్లుగరిటె తనే తీసుకుంది.

కోడు రాయడం రాకపోయినా ఫరవాలేదు, తెర మీద బొమ్మల్నీ అక్షరాల్నీ లాగి పెట్టుకునే సాధనాలు బోలెడున్నాయి. వాటిలో ఏది మంచిదన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నకి జవాబు దొరక్కుండా చూసుకోవడమే మునీంద్ర పని. ఒకటి ఉచితమే గానీ అడుగున వాళ్ల పేరు వేసుకుంటారన్నాడు. ఇంకోదాంట్లో తెలుగు అక్షరాలకి కాళ్లు విరుగుతున్నాయన్నాడు. రైల్లో పక్క సీటు సలహాల శ్రీనివాసమూర్తి రోజుకో కొత్త పేరు చెప్పేవాడు కాబట్టి మూడు ఆదివారాలు హాయిగా గడిచిపోయాయి. మంచం మీద పడుకుని వీడియోలు చూడటాన్ని అతను పరిశోధన అనేవాడు.

నాలుగో ఆదివారం నాగరత్న పిండి కలుపుతూ చల్లగా చెప్పింది. బెంగుళూరులో ఒక అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి ఉమాదేవి, పండక్కి మూడు వందల ఇళ్లకి నిప్పట్లు కావాలందట. సాయంత్రం నాలుగింటికి సంఘం వాళ్లు వెబ్‌సైటు చూసి తేలుస్తారట. ఈ ఆర్డరు వస్తే పక్కింటి ఆడవాళ్లిద్దరికీ పని ఇస్తానని తను మాట కూడా ఇచ్చేసిందట.

మునీంద్ర మంచం మీంచి ఒక్క దూకు దూకాడు. చేతికి దొరికిన సాధనం తెరిచి, ఎడమన ఇంత పెద్ద నిప్పట్టు, మధ్యలో వంశచరిత్ర, కుడివైపు ఫోను నంబరు పెట్టాడు. లాప్‌టాప్‌లో చూస్తే పెళ్లిపత్రికలా ఉంది. మూడింటికే పంపేసి మీసం దువ్వుకున్నాడు.

పావుగంటలో ఉమాదేవి ఫోను చేసింది. తన ఫోనులో సగం నిప్పట్టే కనిపిస్తోందనీ, నంబరు ఎక్కడా లేదనీ, సంఘంలో అందరూ ఫోనులోనే చూస్తారనీ చెప్పింది.

మునీంద్ర భార్య ముందు చేతులెత్తేశాడు. "రత్నా, మూడు వారాలు నేనేమీ చెయ్యలే. బాణలి తప్పించుకుందామని..."

"తెలుసులే. జరుగు. ఫోనులో ఎట్లుంటాదో చూపించేది దీంట్లో ఉండాదా?"

ఉంది. ఇంత పరిశోధనలోనూ అతను నొక్కని బటన్ అదొక్కటే. నొక్కగానే ఇరుకు తెరలో సామానంతా ఒకదాని మీదొకటి పడి కనిపించింది.

"ఈ ఒంటిగది ఇంటికి పదిమంది చుట్టాలొస్తే మంచం ఏం చేస్తాము?"

"ఎత్తి గోడకి ఆనిస్తాము."

"వచ్చినోళ్లకి ముందు కావల్సింది యాడ పెడతాము?"

"తలుపు కాడ."

"అంతే. నంబరు తలుపు కాడ పెట్టు. నిప్పట్టు చిన్నది చేసి దాని కింద పెట్టు. మీ తాత చరిత్ర అట్టడుక్కి తొయ్యి."

ఆమె చెప్తుంటే అతను లాగాడు. మూడు వారాలు తేలని పని ఇరవై నిమిషాల్లో తేలింది. చివర్లో నాలుగు మాటలు నేను రాస్తానని నాగరత్న పిండి చేతులతోనే లాప్‌టాప్ లాక్కుంది.

నాలుగున్నరకి ఉమాదేవి ఫోను చేసి ఆర్డరు ఖాయమంది. మునీంద్రకి పోయిన ప్రాణం లేచొచ్చింది. పక్కింటి వాళ్లకి కబురు చెప్పడానికి తనే పరిగెత్తి, తిరిగొచ్చి, ఇకమీద సైటు చూసుకునే పని పూర్తిగా తనదేనని ప్రకటించబోయాడు. ఉమాదేవి ఇంకా నాగరత్నతో ఫోను స్పీకర్లో మాట్లాడుతూనే ఉంది.

"ఆ కడపటి లైను చూసి మా ఆడోళ్లందరూ ఒకే మాటగా ఒప్పుకున్నారమ్మా. వచ్చే ఆదివారం మా ఇండ్లల్లో మగోళ్లని పిల్చుకొని వస్తాము, చూసి నేర్చుకోనీ."

మునీంద్ర గబగబా పేజీ కిందికి జరిపాడు. తాతగారి చరిత్ర కింద ఒక వాక్యం ఉంది: 'ప్రతి ఆదివారం నిప్పట్లు స్వయంగా కాల్చేది మా ఆయన మునీంద్ర.'

"వద్దంటే తీసేద్దాము," అంది నాగరత్న. "మూడు వందల ఇండ్లకీ నువ్వే ఫోను చేసి చెప్పు."

ఆర్డరు పోలేదు కదా, అదే పదివేలు అనుకుని మునీంద్ర లుంగీ ఎగ్గట్టి బాణలి ముందు కూర్చున్నాడు. నాగరత్న మంచం మీద కాళ్లు చాపుకుని, ఫోనులో తన వెబ్‌సైటు మురిపెంగా చూసుకుంటూ, తల ఎత్తకుండానే మంట కొంచెం తగ్గించమంది.