మామగారి పడవ మోటారు

ఆ ఆదివారం ఉదయం పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారు నిద్ర లేచేలోగా షెడ్డులోకి వెళ్ళి, ఆయన పడవ మోటారుకున్న పాత స్పార్క్ ప్లగ్ తీసి కొత్తది బిగించి, చేతులు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు వచ్చి కాఫీకి కూర్చోవడం. పది గంటలకు ఇంటిల్లిపాదీ సరస్సు అవతలి ఒడ్డున ఉన్న మామగారి అక్కయ్య ఇంటికి భోజనానికి వెళ్ళాలి. క్రితం వారం ఆ మోటారు నడి సరస్సులో మూడుసార్లు ఆగి అందరి ప్రాణాలూ తీసింది. ఈసారి ఒక్క లాగుకే స్టార్టవుతుంది. మామగారు ఆశ్చర్యపోతారు. అప్పుడు డాక్టరు భార్య మెల్లగా అసలు సంగతి బయటపెడుతుంది.

ఆ ఘడియ కోసం ఆయన ఆరేళ్ళుగా కాచుకుని ఉన్నాడు. మామగారు చెడ్డవారేం కాదు, మహా మర్యాదస్తులు. చిక్కంతా అక్కడే వచ్చింది. అల్లుడు షెడ్డు వైపు ఒక్క అడుగు వేస్తే చాలు, "అయ్యో, మీకెందుకండీ శ్రమ!" అంటూ కుర్చీ తెచ్చి పది అడుగుల దూరంలో వేసేవారు. వీధిలో నడిచే ప్రతివాడినీ "ఒరేయ్" అని నోరారా పిలిచే మనిషి, ఇంటి అల్లుడి దగ్గరకు వచ్చేసరికి "అల్లుడుగారూ, మీరు" దాటి ఒక్క మెట్టు దిగేవారు కాదు. చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్న డాక్టరుకు ఆ "గారు" వినబడినప్పుడల్లా మనసు చివుక్కుమనేది. ఈ ఇంట్లో చుట్టంలా కాక ఇంటి మనిషిలా ఉండాలన్నదే ఆయన కోరిక.

పాత ప్లగ్ మొండికేసింది. డాక్టరు స్పానర్ తగిలించి బలంగా తిప్పాడు. కిర్రుమంటూ ఊడి వచ్చిన ప్లగ్‌ను అంటిపెట్టుకుని స్ప్రింగులాంటి తీగచుట్ట ఒకటి వచ్చింది. అదేమిటో అర్థం కాక పక్కన పెట్టి, కొత్త ప్లగ్ బిగించబోయాడు. అది తిరుగుతుందే తప్ప బిగియదు. పరుగున వెళ్ళి పళ్ళు చూసే చిన్న అద్దం తెచ్చి, టార్చి వేసి లోపలికి చూశాడు. ప్లగ్‌ను పట్టుకోవలసిన మరలు లేవు. పన్ను పీకబోయి దవడ ఊడదీసినవాడిలా నిలబడిపోయాడు.

"నాన్నతో చెప్పెయ్యండి, ఏమీ అనరు," అంది సంగతి విని వచ్చిన భార్య.

"అదే కదా నా ఏడుపు! ఏమీ అనరు, ఇంకో కుర్చీ వేస్తారు. ఆరేళ్ళకి మొదటిసారి ముట్టుకున్నాను, ముట్టుకోగానే పాడుచేశానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

చివరికి రేవు దగ్గర పడవ మోటార్లు బాగుచేసే మెకానిక్కమ్మకు ఫోన్ చేసి, చడీచప్పుడు లేకుండా వెనక గేటు నుంచి రమ్మని బతిమాలాడు.

ఆవిడ వచ్చేలోగా, పళ్ళ పనిముట్ల పెట్టెతో షెడ్డుకు పోతున్న అల్లుడు అత్తగారి కంట పడ్డాడు.

"ఇంత పొద్దున్నే ఆ సామానెందుకు బాబూ?"

"అదీ... ఒక అర్జెంటు కేసు వస్తోంది అత్తయ్యగారూ. ఇంట్లో మీకు ఇబ్బందని షెడ్డులో చూస్తున్నాను."

ఒక్క అబద్ధమే అనుకున్నాడు పాపం. మెకానిక్కమ్మ సంచీ భుజాన వేసుకుని గేటు తోయగానే అత్తగారు ఎదురువెళ్ళింది. "పంటి నొప్పి నీకేనా అమ్మా? దవడ ఎంత వాచిందో చూడు!" అంటూ చేతిలో గోరువెచ్చని ఉప్పునీళ్ళు పెట్టింది. దవడ పుట్టుకతోనే అంత ఉన్న మెకానిక్కమ్మ డాక్టరు వైపు దీనంగా చూసి, కిమ్మనకుండా మూడుసార్లు పుక్కిలించింది.

గోడ మీదుగా ఇదంతా చూసిన పక్కింటి టైలరుకు తన పుచ్చుపన్ను గుర్తుకొచ్చింది. ఆయన వస్తూ వస్తూ బేకరీ యజమానిని పిలుచుకొచ్చాడు. బేకరీ యజమాని తన అత్తగారిని, బావమరిదిని తీసుకొచ్చాడు. అప్పుడే లేచిన మామగారు సంగతి విని ఉబ్బితబ్బిబ్బయ్యారు. "మా అల్లుడుగారి చెయ్యి వెన్నపూసండీ, పన్ను ఊడినట్టే తెలీదు!" అంటూ ఇంట్లో ఉన్న కుర్చీలన్నీ మోసుకొచ్చి షెడ్డు ముందు వరసగా వేశారు. లోపల గడియ పెట్టుకున్న డాక్టరుకు ఈ మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి. మామగారు అంత గొప్పగా చెప్పుకుంటారని ఆయనకు ఇంతవరకూ తెలియదు. తెలిసిన రోజు ఇదీ!

మెకానిక్కమ్మ రంధ్రం పరీక్షించి పెదవి విరిచింది. "కొంచెం పెద్దది చేసి, కొత్త మరలు కోసి, లోపల బుష్ అనే చిన్న గొట్టం కూర్చోబెట్టాలి. ఒక్క తునక సిలిండర్లో పడినా మోటారు మూలకే!" మరలు కోసే ట్యాపుకు దట్టంగా గ్రీజు పూసి, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు తిప్పసాగింది. లోహపు పొడి గ్రీజుకు అంటుకుని వస్తోంది. అంటుకోని తునకలను డాక్టరు అద్దంలో వెతికి, సన్నటి పట్టకారుతో ఒక్కొక్కటే పైకి తీశాడు. అంత శ్రద్ధగా ఆయన ఏ పంటికీ వైద్యం చేసి ఉండడు.

బయటికి మాత్రం కిర్రు కిర్రుమనే మోత, మధ్యమధ్య "ఆగండి, ఇంకో ముక్క ఉంది!" అన్న డాక్టరు గొంతు వినబడుతున్నాయి.

"ఆవిడ అరవనైనా అరవట్లేదు, స్పృహ తప్పిందేమో," అన్నాడు టైలరు లేచి ఇంటిదారి పడుతూ. ఆయన వెనకే బేకరీ యజమాని, తర్వాత ఆ యజమాని అత్తగారు, బావమరిది. రెండు నిమిషాల్లో ఖాళీ కుర్చీలు, వాటి మధ్య మామగారు మిగిలారు. అల్లుడి పరువు ఏమవుతుందోనన్న కంగారులో ఆయన భుజంతో తలుపు తోశారు. గడియ ఊడి పడింది.

లోపల పేషెంటు లేదు. మోటారు ఉంది. బల్ల మీద తీగచుట్ట ఉంది. దాన్ని చూడగానే ఆయన ముఖం పాలిపోయింది.

"మామయ్యగారూ, తప్పు నాదే..." అని డాక్టరు నోరు తెరిచేసరికి, "తెలిసిపోయిందా అల్లుడుగారూ?" అన్నారాయన.

"నేను చెప్పలేదు పెద్దాయనా, ఒట్టు!" అంది మెకానిక్కమ్మ.

అప్పుడు బయటపడింది. రెండేళ్ళ కిందట మామగారే ప్లగ్‌ను వంకరగా ఎక్కించి మరలు అరగదీశారు. ఎవరికీ తెలియకుండా మెకానిక్కమ్మను పిలిపించి మరలకు బదులు లోపల ఆ తీగచుట్ట వేయించుకున్నారు. ఇన్నాళ్ళకు అది తన పని తాను ముగించుకుని ఊడి వచ్చింది, అంతే.

"ఈ చెయ్యి చాలా ఏళ్ళుగా వణుకుతోందండీ. ప్లగ్ నిటారుగా నిలబెట్టలేను," అన్నారు మామగారు కుడిచెయ్యి చూపిస్తూ. "మీరు డాక్టరు. దగ్గరికొస్తే ఇట్టే పసిగట్టేస్తారు. ఇంక పడవ ఎక్కొద్దంటారని... అందుకే కుర్చీ దూరంగా వేసేవాణ్ణి."

డాక్టరుకు అప్పుడు అర్థమైంది. ఆరేళ్ళుగా మర్యాద అనుకున్నది భయం. పరాయివాణ్ణని కాదు, తనకెక్కడ తెలిసిపోతుందోనని. ఆ చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఎందుకు వణుకుతోందో రేపే చూపించుకుందాం మామయ్యగారూ. పడవలో మాత్రం నేను మీ పక్కనే కూర్చుంటాను. సరేనా?"

మామగారు తల ఊపారు. ఈలోగా మెకానిక్కమ్మ బుష్ కూర్చోబెట్టి, దాని చుట్టూ పూసిన జిగురు ఆరేదాకా అందరినీ గంటసేపు కూర్చోబెట్టింది. తర్వాత డాక్టరు కొత్త ప్లగ్ అందుకుని స్పానర్ కోసం చెయ్యి చాచాడు.

"ఒరేయ్, ఆగరా! ముందు వేళ్ళతో తిప్పు, స్పానర్ తర్వాత!" అని అరిచి, మామగారు నాలిక కరుచుకున్నారు. "క్షమించండి, ఏదో కంగారులో..."

"మళ్ళీ ఇంకోసారి అనరూ?" అన్నాడు డాక్టరు.

మామగారు అనలేదు. మెడ వెనక చిన్నగా ఒక్కటి అంటించారు. అంతకంటే ఏం కావాలి!

వెళ్ళేముందు మెకానిక్కమ్మకు కాఫీ ఇస్తూ అత్తగారు నిట్టూర్చింది. "ఉప్పునీళ్ళకి ఏమీ అనుకోకమ్మా. రెండేళ్ళ కిందట నువ్వొచ్చినప్పుడే చూశాను. ఈయన గుట్టు నాకు తెలిసిందని తెలిస్తే బాధపడతారని, ఇవాళ నువ్వెవరో ఎరగనట్టు నాకు తోచిన నాటకం ఆడాను."

మధ్యాహ్నం మామాఅల్లుళ్ళు మోటారును చెరోవైపు పట్టుకుని రేవుకు మోశారు. ఒక్క లాగుకే స్టార్టయింది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని ఆ మోత వింటూ మురిసిపోతున్నారు. పడవ మాత్రం ఉన్నచోటనే ఊగుతోంది.

"మురిసింది చాలు, ఎవరో ఒకరు ఒడ్డున కట్టిన తాడు విప్పండి," అంది అత్తగారు.