తాగే బేరిపండు

ఆ రోజు పొద్దున ఇగ్నాట్స్ పెట్టుకున్న పని ఒక్కటే. బుట్టెడు బేరిపళ్లు తీసుకెళ్లి డాక్టరమ్మ బల్ల మీద పెట్టి, "ముందు మీరు తినండి" అనాలి. మూడే మాటలు. ఆయన లెక్కలో అది ఉపన్యాసం.

మూడు వారాల క్రితం డాక్టరమ్మ ఆయన రక్తపోటు చూసి, మధ్యాహ్నం భోజనంలోకి తాగే మోస్టు కూజా మాన్పించింది. బేరిపళ్ల రసం పిండి, పీపాల్లో పులియబెట్టి చేసే ఆ మోస్టు సారా లేకుండా ఇగ్నాట్స్ యాభై ఏళ్లుగా ముద్ద ఎత్తలేదు.

"ఇంటి చుట్టూ నలభై బేరిచెట్లు పెట్టుకుని పండు తాగేస్తారా? రోజుకొకటి తొక్కతో సహా నమిలి తినండి. మూడు వారాలయ్యాక మీ కూజా సంగతి చూద్దాం," అంది.

ఆ నలభై చెట్లూ మోస్టు చెట్లే. ఆ పండు గానుగకే గాని పంటికి కాదని ఆ సీమలో పాలు తాగే పిల్లకీ తెలుసు. కొరికితే ఆ వగరుకి నాలుక తోలుముక్క అవుతుంది. డాక్టరమ్మ వియన్నా నగరం మనిషి, ఆవిడకేం తెలుసు? చెప్పాల్సింది ఇగ్నాట్స్. ఆయన చెప్పలేదు. ఇంటికొచ్చి, కూజా ఉండే చోట బేరిపండు పెట్టుకుని, భార్య నోట్‌బుర్గా మొహంలోకి చూస్తూ తొడిమ దాకా నమిలాడు. మర్నాడూ అంతే.

"ఏం పంతమయ్యా ఇది? పందులు కూడా ఆలోచించి తినే పండు. ఆమెతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"తినమంది. తింటున్నా."

"చస్తావు."

"చస్తే ఆమె పేరు చెప్పు."

ఆ గడువు తీరిన పొద్దునే బుట్టతో బయల్దేరాడు. డాక్టరమ్మ ఆస్పత్రి గుమ్మంలోనే కంగారుగా నిలబడి ఉంది. ఊరి కూడలిలో ఆరోగ్య దినం. పట్నం నుంచి రావాల్సిన యాపిల్ పళ్లు రాలేదు.

"ఇగ్నాట్స్ గారూ! దేవుడిలా వచ్చారు!" అంటూ బుట్ట లాక్కుంది.

"ముందు..." అన్నాడు ఇగ్నాట్స్. మిగతా రెండు మాటలూ నోట్లోనే ఉండిపోయాయి.

కూడలిలో ఊరంతా ఉంది. బాజా బృందం ఉంది. పత్రిక ఫోటోగ్రాఫరున్నాడు. నాలుగేళ్లు డాక్టరు లేక జలుబుకి కూడా పక్క ఊరు పరిగెత్తిన ఊరది. మేయర్ రూపెర్ట్ కాళ్లరిగేలా తిరిగితే దొరికిన డాక్టరు ఈవిడ. ఆవిడ వచ్చినప్పటి నుంచీ ఆ ఊళ్లో ఎవరూ ఆవిడ మాటకి 'కాదు' అనలేదు.

"రసం తీస్తే పీచు పోతుంది. పొట్టకి కాపలా ఆ పీచే. యాపిలైనా, బేరయినా తాజాగా కొరుక్కు తినాలి. రండి మేయరుగారూ!" అంటూ డాక్టరమ్మ పండు అందించింది.

రూపెర్ట్ పండు చూశాడు. ఏ చెట్టుదో కూడా తెలిసిపోయింది. ఇగ్నాట్స్ వైపు చూశాడు. ఇగ్నాట్స్ చర్చి గంట వైపు చూశాడు. మేయరు కొరికాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఎలా ఉంది?"

"ఆరోగ్యంగా ఉంది," అన్నాడు మేయరు, ఎలాగో.

మేయరు తిన్నాక బాజా వాళ్లు 'తినం' అంటే ఏం బాగుంటుంది? తలా ఒకటి కొరికారు. అందరికీ తెలుసు. ఒక్కడూ నోరు విప్పలేదు.

"ఇక సంగీతం!" అంది డాక్టరమ్మ.

తాడు లాగిన సంచి మూతుల్లా ఉన్నాయి బూరలూదే వాళ్ల మూతులు. బూరల్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. కట్టుడు పళ్ల పుణ్యమా అని డోలు కిలియాన్ ఒక్కడే తప్పించుకున్నాడు. ఆ డోలు ఒక్కటే శవయాత్రలోలాగా మోగింది.

డాక్టరమ్మ మొహం పాలిపోయింది. "పెదాలు బిగుసుకుపోయాయి! ఒంటికి పడలేదు! ఫైరింజన్ వాళ్లని పిలవండి!"

సైరన్ మోగింది. ఆ ఊళ్లో బాజా వాళ్లూ, రోగుల్ని మోసే ఫైరింజన్ వాళ్లూ ఒకరే. పదకొండు మంది బూరలు కిందపెట్టి పరుగెత్తారు. శిరస్త్రాణాలు పెట్టుకుని, స్ట్రెచర్లతో బండెక్కి, గంట కొట్టుకుంటూ తిరిగొచ్చారు.

"లోగులెక్కల?" అన్నాడు వాళ్ల నాయకుడు ముడుచుకున్న మూతితో.

"మీరే!" అంది డాక్టరమ్మ. చర్చి మెట్ల మీద కూలబడిపోయింది. "ఊరంతటికీ విషం పెట్టాను. రేపే రాజీనామా ఇచ్చి వియన్నా వెళ్లిపోతాను."

రూపెర్ట్ వచ్చి ఇగ్నాట్స్ కాలరు పట్టుకున్నాడు. "ఒలేయ్! నాలుగేల్లులా!" అన్నాడు, డాక్టరు లేని రోజులు గుర్తు చేస్తూ.

ఆవిడ వెళ్లిపోతే కూజా తిరిగొస్తుంది. కాని అటు నోట్‌బుర్గా నిలబడి చూస్తోంది. ఆరేళ్లు కుంటిన ఆమె మోకాలిని నిలబెట్టింది ఈ డాక్టరమ్మే. ఇగ్నాట్స్ బుట్టలోంచి ఒక పండు తీశాడు. కొరికాడు, నమిలాడు, మింగాడు. మొహంలో ఒక్క గీత కదల్లేదు. తొడిమ జేబులో వేసుకున్నాడు.

"విషం కాదు, వగరు. ఇది తాగే బేరి, కొరికేది కాదు. అందరికీ తెలుసు. మీరు వెళ్లిపోతారని నోరు మూసుకున్నారు. ఇప్పుడు తెరుచుకోవట్లేదు."

పెళ్లయిన నాటి నుంచి ఆయన అంతసేపు మాట్లాడ్డం నోట్‌బుర్గా వినలేదు.

డాక్టరమ్మ తనూ ఒకటి తీసుకుని కొరికింది. ఆవిడ మూతీ సంచి మూతిలా ముడుచుకుంది. నోరు కాస్త తెరుచుకున్నాక అడిగింది.

"మూడు వారాలూ... రోజూ... ఇదే తిన్నారా?"

"తినమన్నారు."

"మోస్టు?"

"ముట్టుకోలేదు."

"చెయ్యి ఇలా ఇవ్వండి." అక్కడే పట్టీ చుట్టి గాలి కొట్టింది. రెండుసార్లు చూసింది. ఆవిడ కళ్లు మెరిశాయి. "పాతికేళ్ల కుర్రాడి రక్తపోటు! పని చేసింది ఇగ్నాట్స్ గారూ! ఇలాగే కానివ్వండి."

"కూజా?"

"ఏ కూజా?"

ఊరంతా చప్పట్లు కొట్టింది. అందరికన్నా గట్టిగా కొట్టింది రూపెర్ట్.

"ఆదివారం ఒక గ్లాసు," అన్నాడు ఇగ్నాట్స్, నిలబడ్డ చోటు నుంచి కదలకుండా.

డాక్టరమ్మ ఆయన చేతి పట్టీ విప్పింది. "సరే, ఒక్కటే. కాని రోజూ పండు తప్పకూడదు. అంగట్లో తియ్యటి బేరిపళ్లు దొరుకుతాయి, అవే తినండి. ఈ శిక్ష ఎందుకు?"

"కొన్న పండా? నలభై చెట్లు పెట్టుకుని?" అన్నాడాయన. "నావే తింటా."

మర్నాడు మధ్యాహ్నం నోట్‌బుర్గా కూజా ఉండే చోట బేరిపండు పెట్టి, ఎదురుగా కూర్చుంది. ఆయన కొరికాడు.

"ఎలా ఉందయ్యా?"

"ఆరోగ్యంగా ఉంది."